మురుగు గుంతలోకి మనిషిని దింపకండి

అమీర్‌పేట, పంజాగుట్ట ఇళ్ల యజమానులకు, హాస్టళ్లు నడుపుతున్నవారికి, అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలకు సూటిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మీ డ్రైనేజీ పొంగినా, పైపు జామ్ అయినా, కంపుకు ఇంట్లో నిలవలేకపోయినా సరే, ఛాంబర్లోకి గానీ మ్యాన్‌హోల్లోకి గానీ మనిషిని దింపకండి. కాసేపటి పనే కదా అనుకోకండి. నడుము లోతే కదా అనుకోకండి. అలవాటున్నవాడే కదా అని అసలే అనుకోకండి. మన హైదరాబాద్‌లో మురుగు గుంతల్లో ఎన్నో ప్రాణాలు ఇలాంటి ధీమా వల్లే పోయాయి.

2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్ శుభ్రం చేయడానికి దిగిన కూలీలు లోపలే స్పృహ తప్పారు. వాళ్లను పైకి లాగుదామని దిగినతనూ తిరిగి రాలేదు. మొత్తం నలుగురు చనిపోయారు. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్ మ్యాన్‌హోల్ ఇద్దరు కార్మికులను మింగేసింది. అదే ఏడాది నవంబరులో కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకులో మరో ఇద్దరు పోయారు. అంతకుముందు 2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చనిపోయిన ఇద్దరు కార్మికులూ ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్ట చేతబట్టుకుని వెళ్లినవాళ్లే. ముక్కూ మొహం తెలియని ఆ ఇద్దరినీ కాపాడాలని దిగిన అక్కడి ఆటో డ్రైవరు వాళ్లతోపాటే ప్రాణం వదిలాడు.

మొదట ఒకరు పడిపోతారు. అతన్ని లాగబోయి ఇంకొకరు, ఆ ఇద్దరి కోసం మూడోవారు. దీన్ని దురదృష్టం అని సరిపెట్టుకోలేం. ఆ గుంతలో ఉండే గాలిని అర్థం చేసుకుంటే ఎందుకిలా జరుగుతుందో తెలుస్తుంది.

మూత వేసి ఉన్న మురుగులో అన్నం మెతుకులు, నూనె, మలం కుళ్లుతూ ఉంటాయి. ఆ కుళ్లులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువులు పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువు కాబట్టి గుంత అడుగున పేరుకుంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. పది లక్షల పాళ్ల గాలిలో అది నూరు పాళ్లకు చేరేసరికి ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. లోపలున్న మనిషి కంపు తగ్గిందనుకుంటాడు. నిజానికి అప్పుడే ముప్పు ముదిరింది. ఏడెనిమిది వందల పాళ్లు దాటితే రెండు మూడు శ్వాసలకే కుప్పకూలిపోతాడు. కేక వేసే వ్యవధి కూడా ఉండదు.

మూత తీసి గంటసేపు వదిలేశాం, గాలి పోయి ఉంటుంది అనేవాళ్లున్నారు. ఆ మాట నమ్మకండి. పైనున్న గాలి పోవచ్చు, పూడికలో చిక్కుకున్న వాయువు మాత్రం అక్కడే ఉంటుంది. గడ్డపారతో పూడికను కదిలించగానే బుడగలు బుడగలుగా పైకి తన్నుకొస్తుంది. చచ్చేది ఆ క్షణంలోనే. అగ్గిపుల్ల గీసి చూడటం, దీపం దింపి చూడటం ఇంకా ప్రమాదం. మీథేన్ ఉంటే భగ్గున అంటుకుంటుంది. ముఖానికి తువ్వాలు కట్టుకోవడం, కల్లు తాగి దిగడం ఏ వాయువునూ ఆపవు.

ఇప్పుడు మన వీధుల సంగతి. అమీర్‌పేట, సంజీవరెడ్డి నగర్, బల్కంపేట, పంజాగుట్ట, శ్రీనగర్ కాలనీ, ఎర్రమంజిల్ ప్రాంతాల్లో చాలా ఇళ్లు ఒక్కో కుటుంబం కోసం కట్టుకున్నవి. ముందు చిన్న వాకిలి, వెనక బావి, నాలుగంగుళాల పైపు, ఒకటి రెండు ఛాంబర్లు. ఆ ఇళ్లమీదే అంతస్తులు లేచాయి. కోచింగ్ సెంటర్ల కోసం జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు అవే హాస్టళ్లయ్యాయి. గదికి నలుగురైదుగురు, కింద వంటగది, పైన బాత్రూములు. వాడకం ఎన్నో రెట్లు పెరిగింది. మట్టిలో ఉన్న పైపు మాత్రం చాలాచోట్ల అదే.

హాస్టల్ వంటగది వెనక ఛాంబర్ మూత ఒకసారి పక్కకు జరిపి చూడండి. పైన తెల్లగా గట్టిపడిన పొర కనిపిస్తుంది. వేపుడు మూకుళ్లు కడిగిన నూనె అది. వేడినీళ్లలో కరిగి పైపులోకి వెళ్లి, చల్లబడగానే చలికాలం నెయ్యిలా పేరుకుంటుంది. ఆ జిగటకు మెతుకులు, టీపొడి, వెంట్రుకలు అంటుకుంటాయి. మరుగుదొడ్డి వైపు ఛాంబర్లో శానిటరీ ప్యాడ్లు, తడి తుడుపు కాగితాలు, షాంపూ ప్యాకెట్లు. ఇవేవీ నీళ్లలో కరిగేవి కావు. రోజు రోజుకీ పైపు సన్నబడుతూ ఒక సాయంత్రం పూర్తిగా మూసుకుపోతుంది.

పాత ఇళ్లలో మరో చిక్కు కూడా ఉంది. అప్పట్లో వేసినవి ఎక్కువగా స్టోన్‌వేర్ పైపులు. ముక్క ముక్కకూ మధ్య సిమెంటు అతుకు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ అతుకు పగులుతుంది. గోడపక్క రావి మొక్క, గేటు దగ్గర వేప చెట్టు తడిని వెతుక్కుంటూ ఆ పగులులోంచి వేరు దూరుస్తాయి. రాడ్డు పెట్టి పొడిస్తే నీరు ఆ పూటకు పోతుంది. వేరు అక్కడే ఉంటుంది కాబట్టి నెల తిరక్కుండా మళ్లీ పొంగుతుంది. అలా మాటిమాటికీ జామ్ అయ్యే చోటే విసుగెత్తిన యజమాని లేబర్ అడ్డా నుంచి కూలీని పిలిచి, దిగి చేత్తో తీసెయ్యమంటాడు.

పగిలిన అతుకు ఇంకో కీడు కూడా చేస్తుంది. మనకు నల్లా నీళ్లు గడియారం పెట్టుకుని వస్తాయి. సరఫరా ఆగాక నీటి పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఆ పైపుకూ చిల్లు ఉంటే పక్కనే కారుతున్న మురుగును లోపలికి లాక్కుంటుంది. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పలువురు చనిపోయారు. నల్లా తిప్పగానే నీరు పసుపుగా వచ్చినా, వాసన వచ్చినా తాగకండి, పిల్లలకు పట్టకండి. వెంటనే ఫిర్యాదు చేయండి.

డ్రైన్ జామ్ అయినప్పుడు చాలామంది చేసే పని సందు చివర కిరాణా కొట్టు నుంచి యాసిడ్ సీసా తెచ్చి పొయ్యడం. దయచేసి మానండి. మురుగులో ఉన్న సల్ఫైడుకు యాసిడ్ తగిలితే అదే హైడ్రోజన్ సల్ఫైడ్ అప్పటికప్పుడు పుడుతుంది. బాత్రూములో అంతకుముందే బ్లీచింగ్ చల్లి ఉంటే క్లోరిన్ పుడుతుంది. తలుపు వేసుకుని కూర్చున్న మనిషికి రెండూ విషాలే. పైగా యాసిడ్ సిమెంటు అతుకుల్ని తినేస్తుంది. నూనె ముద్దా కరగదు, వేరూ చావదు. మరునాడు ఆ ఛాంబర్ మూత తీసేవాడికి మీరు పోసిన యాసిడ్ సంగతి తెలియదు.

మరో చెడ్డ అలవాటు వానాకాలంలో బయటపడుతుంది. గట్టి వాన పడితే మైత్రీవనం చౌరస్తాలో మోకాళ్ల లోతు నీరు నిలుస్తుందని అందరికీ తెలుసు. నీరు పోవడానికని ఎవరో మ్యాన్‌హోల్ మూత ఎత్తి పక్కన పెడతారు. డ్రైనేజీ లైను వాన నీటి కోసం వేసింది కాదు. ఆ వరదంతా అందులోకి దూరితే మురుగు వెనక్కి తన్ని కింది అంతస్తు ఇళ్లలోకి, సెల్లార్లలోకి పొంగుతుంది. మూత తీసిన గుంత నీటి కింద కనపడదు. 2023 ఏప్రిల్లో సికింద్రాబాద్ కళాసిగూడలో పొద్దున్నే పాలకోసం బయల్దేరిన పదేళ్ల పాప వాన నీటిలో తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. మ్యాన్‌హోల్ మూత సొంతంగా తెరవడం జలమండలి చట్టం ప్రకారం నేరం. నీరు నిలిస్తే ఫోన్ చేయండి, మూత జోలికి పోకండి.

మరి చేయాల్సిందేమిటి? మొదట మీ లైను ఎటు పోతోందో తెలుసుకోండి. పార్కింగ్‌లో టైల్స్ కింద మూసేసిన ఛాంబర్లు ఉంటాయి. అవి ఎక్కడున్నాయో, ఏ వాలులో పోయి రోడ్డు మ్యాన్‌హోల్లో కలుస్తున్నాయో కాగితం మీద గీయించి పెట్టుకోండి. కొన్ని ఇళ్లలో వాడకం ఆగిన పాత సెప్టిక్ ట్యాంకు నేల కింద అలాగే ఉండిపోతుంది. దాన్నీ గుర్తించండి.

రెండోది, జూన్ వానలకు ముందే యంత్రంతో లైను కడిగించండి. జెట్టింగ్ మిషన్ పైపు కొసన నాజిల్ ఉంటుంది. అందులోంచి నీరు తీవ్ర ఒత్తిడితో వెనక్కి చిమ్ముతుంది. ఆ తోపుకు నాజిల్ తనంతట తానే ముందుకు పాకుతుంది. కింది ఛాంబర్ నుంచి పైకి, అంటే మురుగు పారే దిశకు ఎదురుగా పంపి వెనక్కి లాగితే పూడిక దానితోపాటే కొట్టుకొస్తుంది. దాన్ని పైనుంచే పీల్చి ట్యాంకులోకి తీసుకుంటారు. ఈ పనంతటిలో ఎవరూ దిగాల్సిన అవసరమే లేదు. మళ్లీ మళ్లీ జామ్ అవుతుంటే పైపులోకి కెమెరా పంపి చూడమనండి. పగిలిన ముక్క కనిపిస్తే మార్పించండి. విరిగిన పైపును ఎన్నిసార్లు కడిగినా ఫలితం ఉండదు.

ప్రైవేటు వాళ్లను పిలిస్తే పని మొదలుపెట్టకముందే మూడు ప్రశ్నలు అడగండి. మనిషి దిగుతాడా? తీసిన మురుగు ఎక్కడ పోస్తారు? చెప్పింది రాసిస్తారా? మొదటి ప్రశ్నకు అవునన్నా, అవసరమైతే అన్నా వెంటనే పంపించేయండి. మురుగును నాలాలో వదిలేస్తామంటే ఒప్పుకోకండి, అది తిరిగి హుస్సేన్ సాగర్‌లోనో మూసీలోనో చేరుతుంది. శుద్ధి కేంద్రానికే పోవాలి.

హాస్టళ్లు, మెస్సులు, హోటళ్లు వంటగది నీరు లైనులో కలవకముందే నూనె ఆపే ఛాంబర్, సిల్ట్ ఛాంబర్ కట్టించుకోవాలి. కట్టి వదిలేస్తే చాలదు, వారం వారం పైనుంచే తోడించాలి. ప్రతి బాత్రూములో మూత ఉన్న చెత్తడబ్బా పెట్టండి. ఆ చిన్న ఖర్చుతో చాలా జాములు తప్పుతాయి.

వీధి లైను పొంగితే జలమండలి నంబరు 155313. సెప్టిక్ ట్యాంకు శుభ్రానికి 14420. ఎవరైనా లోపల పడిపోతే మాత్రం వెనకే ఎవరూ దిగకూడదు, సొంత తమ్ముడైనా సరే. 101కి, 112కి ఫోన్ చేయండి. మూతలన్నీ తెరిచి, నిప్పు దగ్గరికి రానివ్వకుండా, జనాన్ని దూరంగా ఉంచి, గాలి సిలిండర్లు తగిలించుకున్న అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా ఆగండి. ఆగడం కష్టమే. ఆగకపోతే శవాల సంఖ్య పెరుగుతుంది.

చట్టం విషయంలో ఎవరికీ అనుమానం ఉండకూడదు. 2013 నాటి చట్టం ఏ వ్యక్తీ, ఏ స్థానిక సంస్థా, ఏ ఏజెన్సీ మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ప్రమాదకరమైన పనికి నేరుగా గానీ మరొకరి ద్వారా గానీ మనుషుల్ని పెట్టకూడదంటోంది. ఇంటి యజమానీ ఆ మాటలోకే వస్తాడు. మొదటిసారి తప్పుకు రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. మళ్లీ చేస్తే ఐదేళ్లు, ఐదు లక్షలు. మురుగు గుంతలో చనిపోయినవారి కుటుంబానికి 2014లో సుప్రీంకోర్టు పది లక్షలుగా చెప్పిన పరిహారాన్ని 2023 అక్టోబరులో ముప్ఫై లక్షలకు పెంచింది. 2025 జనవరిలో ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు తీయించడాన్ని పూర్తిగా ఆపాలని ఆదేశించింది. ఆ ఆరింటిలో హైదరాబాద్ ఒకటి.

ప్రభుత్వానికీ చెప్పాలి. ఇరుకు సందుల్లోకి వెళ్లే డెబ్బై చిన్న జెట్టింగ్ యంత్రాలను 2017లోనే జలమండలి తెచ్చింది. దళిత యువతను వాటి యజమానులుగా నిలిపింది. మంచి పని. కానీ ఫిర్యాదు చేసిన ఇంటికి యంత్రం ఆలస్యంగా వస్తే ఆ ఆలస్యమే జనాన్ని అడ్డా కూలీ దగ్గరికి తోస్తుంది. వానలకు ముందే అమీర్‌పేట, పంజాగుట్ట సందుసందుకూ తేదీలు ప్రకటించి జెట్టింగ్ చేయాలి. రాత్రిపూట కూడా యంత్రం అందుబాటులో ఉండాలి. సిల్ట్ ఛాంబర్ లేని హాస్టల్‌కు గడువిచ్చి కట్టించాలి. మరణం జరిగితే నెపం సబ్ కాంట్రాక్టరు మీదికి నెట్టి చేతులు దులుపుకోకూడదు.

ఆ గుంతల్లోకి దిగుతున్నది ఎవరు? తరతరాలుగా ఊరు పాకీపని అంటగట్టిన కులాల వాళ్లే ఎక్కువ. కోలార్ బంగారు గనుల్లో అదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా దీనిమీదే పోరాడుతున్నారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆయనను గౌరవించడమంటే మన గేటు ముందు ఆ పని జరగనివ్వకపోవడమే.

కాబట్టి ఈ వారమే మీ భవనంలో మీటింగు పెట్టండి. జెట్టింగ్ ఎప్పుడు చేయించాలో తేదీ ఖరారు చేయండి. పైన చెప్పిన నాలుగు ఫోన్ నంబర్లూ వాచ్‌మన్ గది గోడమీద పెద్ద అక్షరాల్లో రాయించండి. ఛాంబర్లోకి ఎవరినీ దింపకూడదని వాచ్‌మన్‌కు, మేస్త్రికి, వంటవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఇంట్లో బియ్యం లేని మనిషి ఐదొందలు ఎక్కువిస్తే దిగుతాననవచ్చు. నాకు అలవాటే సార్ అని కూడా అనవచ్చు. అతను ఒప్పుకున్నా సరే, వద్దని ఆపాల్సింది మనమే.