ఇంట గెలిచినవారు, రచ్చ గెలిచినవారు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఇల్లొకచోట, రచ్చ మరొకచోట ఉంటాయని వారి ఉద్దేశం కాబోలు. ఒకరి ఇల్లే మరొకరికి రచ్చ అయినప్పుడు, ఇద్దరూ ఒకే మైదానంలో ఎదురుపడితే, ఇద్దరినీ ఒకే కొలబద్దతో కొలవాలా అక్కర్లేదా అన్న సంగతి సామెతలో లేదు. సరిగ్గా అటువంటి తగవొకటి అమెరికా కాలేజీ కుర్రాళ్ళ బంతాటలో వచ్చి, కోర్టుదాకా వెళ్ళింది. ఆటలంటే ఆసక్తి లేనివారు కూడా వినదగిన కథ అది.

ముందు పేరు సంగతి. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని అమెరికావారు సాకర్ అంటారు. వారి ఫుట్‌బాల్ వేరు. అందులో బంతిని కాలితో తన్నడం తక్కువ, చంకలో పెట్టుకుని పరుగెత్తడం ఎక్కువ. ఆ ఆట ధాటికి సాకర్ అక్కడ చాలాకాలం సవతిబిడ్డగానే పెరిగింది. కాలేజీల మధ్య క్రీడలు నడిపే ఎన్.సి.ఎ.ఎ. అనే జాతీయ సంస్థ పురుషుల సాకర్‌కు ఛాంపియన్‌షిప్ పెట్టింది 1959లో. మొదటి ఏడు 8 జట్లే ఆడాయి. ఈనాడు 48 ఆడుతున్నాయి. ఓడినవారు ఇంటికి, గెలిచినవారు ముందుకు. ఆ పద్ధతి మాత్రం మారలేదు.

మొదటి ఏడు గెలిచింది సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం. 1973 వరకు జరిగిన 15 పోటీల్లో పదింట ఆ జట్టుదే విజయం. అందులో ఒక్క 1967లో మాత్రం గెలుపును మిచిగన్ స్టేట్‌తో పంచుకుంది. ఇన్నిసార్లు గెలిచిన జట్టు ఇంతవరకు మరొకటి లేదు. దీనిలో మంత్రమేమీ లేదు. మిసిసిపీ ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో చర్చి బడుల పిల్లలు ఊహ తెలిసినప్పటినుంచీ బంతి తన్నుతారు. పెద్దవాళ్ళయి సొంత ఊరి కాలేజీకే ఆడతారు. పది గెలుపుల్లో అయిదింటికి కోచ్‌గా ఉన్న హారీ కియో ఆ ఊరివాడే. ఆయన తపాలా శాఖలో ఉత్తరాలు పంచే ఉద్యోగి. 1950 ప్రపంచ కప్పులో ఇంగ్లండును 1–0తో ఓడించి లోకాన్ని నివ్వెరపరచిన అమెరికా జట్టులో ఆయనా ఒకడు. ఇంట గెలవడమంటే ఇదే.

ఇక రచ్చ గెలిచినవారి సంగతి. అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. రెండేళ్ళకు వాషింగ్టన్ నగరంలో హోవర్డ్ విశ్వవిద్యాలయం వెలసింది. నల్లజాతివారి చదువుకు అది పెట్టింది పేరు. 1970లో అక్కడి సాకర్ జట్టుకు కోచ్‌గా లింకన్ ఫిలిప్స్ వచ్చాడు. ట్రినిడాడ్ దేశపు గోల్‌కీపర్. ఆయన శిష్యుల్లో చాలామంది కరిబియన్ దీవులనుంచీ, ఆఫ్రికానుంచీ చదువుకోసం సముద్రం దాటినవారు. మరుసటి ఏడే, 1971లో, మయామీ నగరంలో జరిగిన ఫైనల్లో సెయింట్ లూయిస్‌ను 3–2తో ఓడించారు. నల్లజాతివారి విశ్వవిద్యాలయమొకటి ఆ స్థాయిలో జాతీయ ఛాంపియన్ కావడం అదే మొదలు.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. విచారణ జరిగింది. జట్టులో కొందరికి ఆడే అర్హత లేదని ఎన్.సి.ఎ.ఎ. తేల్చింది. 1971 విజయాన్ని రద్దుచేసి, 1973 పోటీలకు రావద్దంది.

అర్హత లేకపోవడమేమిటి? అప్పటి నిబంధనల్లో ఒకటి విదేశీ విద్యార్థులకోసమే రాసినది. 19 ఏళ్ళు నిండాక పరదేశంలో ఏ పోటీలోనైనా ఆడి ఉంటే, అలా గడిచిన ప్రతి సంవత్సరాన్నీ అతనికున్న కాలేజీ ఆట సంవత్సరాల్లోంచి కొట్టివేయాలి. అదే వయసు అమెరికా కుర్రాడు కాలేజీలో చేరకముందు సొంత ఊరి క్లబ్బులో ఆడితే మాత్రం ఈ కోత లేదు. కాలేజీలో పనిచేసేవాణ్ణి కనుక నిబంధన పెట్టినవారి బాధ కూడా నాకు అర్థమవుతుంది. ఆరితేరిన ఆటగాడొకడు విద్యార్థి వేషంలో వచ్చి కుర్రాళ్ళమీద గెలవడం అన్యాయమే. వయసు మీరినవాణ్ణి దింపారన్న ఫిర్యాదు మన కాలేజీ పోటీల్లోనూ వినబడేదే. ఐతే ఆ భయానికి మందు అందరికీ ఒకే వయోపరిమితి పెట్టడం. పరాయివాడికొక లెక్క, మనవాడికొక లెక్క పెట్టడం కాదు.

హోవర్డ్ కోర్టుకెక్కింది. విదేశీ విద్యార్థుల నిబంధన రాజ్యాంగం చెప్పే సమానత్వానికి విరుద్ధమని వాషింగ్టన్ కోర్టు 1973లో తీర్పిచ్చింది. 1975లో పై కోర్టూ దాన్ని సమర్థించింది. కథ ఇక్కడ సుఖాంతమైతే బాగుండేది. కాని మార్కులకూ, ఆడే గడువుకూ సంబంధించిన మరి రెండు నిబంధనలు స్వదేశీ విదేశీ భేదం లేకుండా అందరికీ వర్తించేవి. వాటిని కోర్టు తప్పుపట్టలేదు. అంచేత శిక్ష శిక్షగానే మిగిలింది. న్యాయం సగం దొరికింది, కప్పు తిరిగి రాలేదు.

కోర్టులో రానిదాన్ని తెచ్చుకోవడానికి వారికి ఇక మిగిలింది మైదానమే. 1974లో హోవర్డ్ ఆడిన 19 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. ఫైనల్ ఎక్కడో తెలుసా? సెయింట్ లూయిస్ నగరంలో. ప్రత్యర్థి ఎవరో చెప్పనక్కర్లేదు. గడువు ముగిసేసరికి ఇద్దరూ సమానం. అదనపు సమయం ఒకటి కాదు, రెండు కాదు, నాలుగుసార్లు ఇవ్వవలసి వచ్చింది. నాలుగోసారి హోవర్డ్ గోలు కొట్టి 2–1తో గెలిచింది. ఈసారి ఆ గెలుపును ఎవరూ రద్దు చేయలేదు.

ఇప్పుడు ఆ పోటీల్లో పరదేశపు కుర్రాడు వింత కాదు. 2024 ఫైనల్లో వెర్మాంట్ విశ్వవిద్యాలయం మార్షల్‌ను 2–1తో గెలిచింది. అదనపు సమయంలో గెలుపు గోలు కొట్టినవాడు జర్మనీ విద్యార్థి. ఏ దేశంవాడివని ఎవరూ తప్పుపట్టలేదు. చప్పట్లు కొట్టారు.

మన తెలుగిళ్ళలో ఎన్నిటినుంచో పిల్లలు ఆ దేశానికి చదువులకు వెళుతున్నారు. వారిలో బంతి తన్నేవారు తక్కువే కావచ్చు. కాని అక్కడ వారికి వర్తించే ప్రతి నిబంధన వెనుకా ఈ ప్రశ్నే ఉంటుంది: ఇది అందరికీనా, పరాయివాడికేనా? అడగడానికి సంకోచించనక్కర్లేదు. అడిగేముందు మన కాగితాలు సక్రమంగా ఉన్నాయా అని చూసుకోవడమూ మరవరాదు. హోవర్డ్ నేర్పిన పాఠంలో రెండూ ఉన్నాయి.

ఛాంపియన్‌షిప్ పట్టికలో 1971కి ఎదురుగా నేటికీ ఏ జట్టు పేరూ లేదు. మూడు వరుసలు దిగితే, 1974కి ఎదురుగా హోవర్డ్ అని ఉంటుంది.