మంచి తిండి తింటే కాలేయానికి భయం లేదా?

వార్షిక వైద్య పరీక్షల సమయంలో వైద్యులకు తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది: "డాక్టరుగారూ, తాగినా తిండి మాత్రం బాగా తింటానండి. లివరుకేమీ కాదు." ఈ నమ్మకం మన ఇళ్లలో ఎంతగా పాతుకొనిపోయినదంటే, భర్త చేత తాగుడు మాన్పించలేని ఇల్లాలు కనీసం మాంసమో, గుడ్లో వండిపెట్టి ఊరట చెందుతున్నది. ఆమెను తప్పుపట్టలేము. తాగేవాడు సరిగా తినడు కనుక, పోషకాహార లోపం వల్లనే కాలేయం చెడుతున్నదని ఒకప్పుడు వైద్యులు సైతం భావించారు.

ఈ అభిప్రాయాన్ని పరీక్షకు పెట్టినవారు న్యూయార్కులో పరిశోధన సాగించిన చార్లెస్ లీబర్. 1968లో ఆయన, సహచరుడు ఇమాన్యుయెల్ రూబిన్ ప్రచురించిన ప్రయోగంలో, ఇష్టపడి ముందుకు వచ్చినవారికి మాంసకృత్తులు సమృద్ధిగా గల ఆహారంతోపాటు మద్యం ఇచ్చారు. కొద్ది రోజులలోనే వారి కాలేయాలలో కొవ్వు పేరుకొన్నది. బబూన్ కోతులపై జరిపి 1974లో వెల్లడించిన పరిశోధనలో, తగిన ఆహారం ఇచ్చినప్పటికీ, కొన్నింటికి సిర్రోసిస్ కూడా వచ్చింది.

కారణం కాలేయం పనిచేసే తీరులోనే ఉన్నది. అన్నంలోని పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా, మిగులును కొవ్వుగా నిల్వ చేసుకొనే శరీరానికి మద్యాన్ని దాచుకొనే చోటు ఎక్కడా లేదు. వచ్చినదాన్ని వచ్చినట్లు వదిలించుకోవలసిందే. ఆ భారం చాలావరకు కాలేయానిదే. కాలేయ కణాలు మద్యాన్ని మొదట ఎసిటాల్డిహైడ్ అనే హానికర పదార్థంగా, ఆపై ఎసిటేట్‌గా మారుస్తాయి. ఈ రెండు మెట్లలోనూ ఎన్.ఎ.డి. అనే సహాయక పదార్థం ఖర్చవుతుంది. కొవ్వును దహించడానికీ, కొత్తగా చక్కెరను తయారుచేయడానికీ కావలసినదీ అదే. దానిని మద్యం కాజేయగా, కొవ్వు దహనం కాక కాలేయంలోనే నిలిచిపోతుంది. తాగుతూ తిన్న వేపుడు ముక్కల సంగతి వేరే చెప్పనక్కరలేదు. కడుపులోని తిండి, మద్యం రక్తంలో కలిసే వేగాన్ని తగ్గించగలదే గాని, కాలేయానికి ఆ పనిని తప్పించజాలదు.

అట్లని తినకుండా తాగితే ప్రమాదం మరొక రూపంలో వస్తుంది. నైట్ షిఫ్టు ముగించి, ఖాళీ కడుపుతో తాగి పడుకొన్నవారిలో గ్లైకోజెన్ నిల్వలు తరిగి ఉంటాయి. కొత్త చక్కెర తయారీకి మద్యం అడ్డుపడుతుంది. రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. మధుమేహానికి ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. ఇంట్లోవారేమో మత్తులో ఉన్నాడు, పడుకోనిమ్మని వదిలివేస్తారు. పిలిస్తే పలకనివారిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పోయకుండా, తక్షణం ఆసుపత్రికి చేర్చాలి.

బీరు తాగితే ఏమీ కాదన్న వాదన ముఖ్యంగా యువకుల నోట వినవస్తున్నది. లెక్క చూడండి. 30 మి.లీ. విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 8 శాతం ఆల్కహాలు గల 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు సీసాలో సుమారు 40 గ్రాములు! కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములకు మించి వదిలించుకోవడం కష్టం.

ఎస్.జి.పి.టి. నార్మల్ అన్న కాగితాన్ని అనుమతిపత్రంగా భావించేవారూ ఉన్నారు. దెబ్బతిన్న కణాల నుంచి రక్తంలోకి కారే ఎంజైమును మాత్రమే ఆ పరీక్ష కొలుస్తుంది. ముదిరిన సిర్రోసిస్‌లోనూ అది మామూలుగా ఉండవచ్చు. కాలేయం పనిచేసే శక్తి తెలియాలంటే అల్బుమిన్, బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే సమయం కూడా చూడాలి. కొవ్వు పేరుకొన్న దశలో మద్యం పూర్తిగా మానితే కాలేయం కొన్ని వారాలలో కోలుకొంటుంది. గట్టిపడిన కాలేయం అంత సులభంగా పూర్వస్థితికి రాదు. అయినా అప్పుడు మానినవారు సైతం మానని వారికంటే ఎక్కువ కాలం జీవిస్తున్నారు.

ఒక్క హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ అధికంగా తాగేవారు వైద్య సహాయం లేకుండా ఒక్కసారిగా ఆపివేస్తే, రెండు మూడు రోజులలో వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. ప్రాణాపాయం కూడా సంభవించవచ్చు. మానదలచినవారు ముందుగా వైద్యుని కలవాలి. అవసరమైతే కొద్ది రోజులు ఆసుపత్రిలో ఉంచుకొని మందులు, బి1 విటమిన్ ఇస్తారు. వెంట వచ్చే కుటుంబ సభ్యులు, రోజుకు ఎంత తాగుతున్నారన్నది తగ్గించకుండా ఉన్నదున్నట్లు వైద్యునికి చెప్పాలి. మందుల మోతాదును నిర్ణయించేటప్పుడు ఆయన ఆ సమాచారాన్నే ఆధారం చేసుకొంటారు.