ఇద్దరూ నవ్వితేనే సరదా

"ఊరికే సరదాకి చేశాం సార్." స్కూల్లో ఏ గొడవ జరిగినా హెడ్మాస్టర్ గదిలో మొదట వినిపించే మాట ఇదే. చాలాసార్లు అది నిజం కూడా. పిల్లలన్నాక అల్లరి ఉంటుంది. పెన్ను దాచేస్తారు, రేపు సెలవని చెప్పి ఏప్రిల్ ఫూల్ చేస్తారు. ఐదు నిమిషాల్లో అందరూ నవ్వేసి మర్చిపోతారు. దాన్ని వేధింపు అనక్కర్లేదు.

మరి గీత ఎక్కడ? మూడు ప్రశ్నలు వేసుకుంటే తెలిసిపోతుంది. ఆ పిల్లాడు కూడా నవ్వాడా? వద్దంటే ఆపేశారా? ప్రతిసారీ ఒక్కడే దొరుకుతున్నాడా? నేను కామర్స్ చదివినవాణ్ణి, నాకిది లెక్కల పుస్తకంలా కనిపిస్తుంది. ఇవాళ నువ్వు నన్ను ఆటపట్టించావు, రేపు నేను నిన్ను. లెక్క సరిపోయింది. ఏడాదంతా ఒకే పిల్లాడి ఖాతాలో డెబిట్ పడుతుంటే మాత్రం అది సరదా కాదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు భారత్-పాకిస్తాన్ మ్యాచ్ జరిగిన మర్నాడు క్లాసులో "మీవాళ్లు ఓడిపోయారుగా" అనేవారు. మొదటిసారి నేనూ నవ్వేశాను. తర్వాత తర్వాత మ్యాచ్ ఉందంటే చాలు, మర్నాడు కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోయేవాణ్ణి. అసలు కారణం అమ్మీకి ఇప్పటికీ తెలీదు. అన్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, నా పక్కన కూర్చుని టిఫిన్ పంచుకున్నవాళ్లే. "ఇక చాలు" అని ఒక్క టీచర్ అని ఉంటే ఆగిపోయేది.

పెద్దలు ఆపకపోవడం ఒక ఎత్తు, తామే ఎగదోయడం ఇంకో ఎత్తు. 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక టీచర్ ఏడేళ్ల ముస్లిం బాలుణ్ణి తోటి పిల్లలతోనే చెంపదెబ్బలు కొట్టించిన వీడియో దేశమంతా చూసింది. ప్రభుత్వ అంతరాత్మను కదిలించాల్సిన ఘటన ఇదని ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. ఎవర్ని కొట్టినా పర్లేదో, ఎవర్ని చూసి నవ్వినా పర్లేదో పిల్లలు పెద్దల్ని చూసే నేర్చుకుంటారు.

అలాగని మన ఇళ్లు శుభ్రంగా ఉన్నాయా? నత్తిగా మాట్లాడే పిల్లాణ్ణి హక్లా అని, నల్లగా ఉన్నవాణ్ణి కాల్యా అని, లావుగా ఉన్నవాణ్ణి మోటూ అని పిలిచేది మన పిల్లలే. కొన్నిసార్లు మనమే. వెక్కిరింపు పేర్లు పెట్టొద్దని ఖుర్‌ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 11వ ఆయత్ స్పష్టంగా చెబుతోంది. అబూ దావూద్ హదీసుల్లో ఒక సంఘటన ఉంది. ప్రయాణంలో నిద్రపోతున్న ఒకాయన దగ్గరి తాడు ఇంకొకరు తీసుకుంటే ఆయన కంగారుపడ్డారు. తోటి ముస్లింను భయపెట్టడం తగదని ప్రవక్త (స) అన్నారు. చూడ్డానికి ఎంత చిన్న విషయమో!

చట్టం కూడా పిల్లల పక్షానే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. కొట్టడమే కాదు, విద్యార్థిని ఎగతాళి చేసి అవమానించడం కూడా దాని కింద నేరమే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. తోటి పిల్లల్ని జైలుకు పంపడం మన ఉద్దేశం కాదు. స్కూలు తన బాధ్యత తప్పించుకోకూడదు, అంతే.

కాబట్టి పిల్లాడు బడికి వెళ్లనని మారాం చేస్తే ముందు కోప్పడకండి, కూర్చోబెట్టి వినండి. ఏ రోజు ఏం జరిగిందో రాసి పెట్టుకోండి. వీడియో తీసి గ్రూపుల్లో తిప్పితే దాన్ని చెరిపేయకుండా దాచండి. హెడ్మాస్టర్‌కు నోటిమాటగా కాదు, కాగితం మీద ఫిర్యాదు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. అక్కడ పని జరక్కపోతే 1098కి ఫోన్ చేయండి, ఖర్చుండదు.

సాయంత్రం బడి నుంచి రాగానే "నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా బేటా?" అని అడుగుతాం. మంచిదే. "నువ్వు ఎవర్నైనా ఏమైనా అన్నావా?" అని కూడా ఇవాళ్టి నుంచి అడుగుదాం.