పెరడు ఎవరిది?

వేసవి వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపుకి పూనకం వస్తుంది. మే నెలాఖరులో మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాకా ఒక్క శనివారం ఖాళీ ఉండదు. ఒకరింట్లో పుట్టినరోజు, ఇంకొకరింట్లో గృహప్రవేశం, మరొకరింట్లో ఏ కారణమూ లేని పాట్‌లక్. మేముండేది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ శివార్లలో. ఏడాదిలో సగం రోజులు తలుపులు బిగించుకుని బతికేవాళ్ళం. జూన్‌లో రాత్రి తొమ్మిదింటి దాకా వెలుగుంటే గడ్డి మీదకి పరిగెత్తాలని ఎవరికుండదు?

మొన్న గ్రూపులో ఒకావిడ అడిగింది. "వచ్చే శనివారం మా బ్యాక్‌యార్డ్‌లో 40 మంది. ఎక్కువ ఖర్చు లేకుండా ఏం ఆటలు పెడితే బావుంటుంది?" అంతే, అరగంటలో లింకుల వాన. పెద్ద చెక్కల జెంగా కొనమని ఒకరు, నెట్టూ బ్యాట్లూ కలిపి వచ్చే సెట్టు కొనమని ఒకరు, ఆఫరు ఈ రాత్రితో ఆఖరని ఇంకొకరు. నేను ఒక్కటే అడిగాను, "ఆడేదెవరు?" అని. నాలుగు నవ్వు బొమ్మలొచ్చాయి. జవాబు రాలేదు.

నేను నవ్వులాటకి అడగలేదు. నిరుడు జూలైలో మా ఇంట్లో జరిగిన పార్టీ లెక్క చెప్తాను, వినండి.

వచ్చినవాళ్ళతో, ఇంట్లోవాళ్ళతో కలిపి 40 మందిమి. మగవాళ్ళు 13, ఆడవాళ్ళం 14, పిల్లలు 13. ఆ పార్టీ కోసమని వాలీబాల్ నెట్టు ఒకటి, పెద్ద జెంగా ఒకటి కొన్నాను. రెండూ కలిపి 170 డాలర్లు. పిల్లలందరూ ఆడారు. మగవాళ్ళలో ఆరుగురు ఆడారు, మిగతావాళ్ళు కుర్చీల్లో కూర్చుని సలహాలిచ్చారు. ఆడవాళ్ళలో బంతి ముట్టుకున్నవాళ్ళు ఒక్కరు లేరు. నేను గరాజ్ ముందు గ్యాస్ స్టవ్ దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను. నలుగురు వంటింట్లో ట్రేలు సర్దుతున్నారు. ముగ్గురు చంటిపిల్లల వెనక తిరుగుతున్నారు. ఐదుగురు వంటింటి గట్టు చుట్టూ నిలబడి స్కూళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. పద్నాలుగో ఆడమనిషి మా అమ్మ. మోకాళ్ళ నొప్పులతో ఆర్నెల్ల వీసా మీద మమ్మల్ని చూడ్డానికొచ్చిన 71 ఏళ్ళ మనిషి. ఐదింటికి కంచె పక్కన మడత కుర్చీలో కూర్చోబెట్టాను. తొమ్మిదింటికి వెళ్ళి లేవదీశాను.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ అమ్మ అడిగింది. "ఆ చెక్కలు పేర్చి ఏం ఆడారే వాళ్ళు? ఎవరు గెలిచారు?"

నాకు తెలీదు. నా పెరట్లో, నేను ఎంచి కొన్న ఆట. ఎలా ఆడారో నేను చూడనేలేదు.

ఆ రోజు నుంచి నాకు ఆ బ్యాక్‌యార్డ్ అన్న మాట మీదే కోపం. తెలుగు చదువుకున్నదాన్ని కదా, దాన్ని చక్కగా 'పెరడు' అని మార్చుకుని మురిసిపోయేదాన్ని. కానీ మన ఊళ్ళో పెరడు ఎవరిది? వీధి అరుగు మగవాళ్ళది, పెరడు ఆడవాళ్ళది. నూతి గట్టు, రుబ్బురోలు, బట్టలుతికే బండ, కరివేపాకు, గోరింట, మల్లెపందిరి, అన్నీ అక్కడే. అదేదో స్వర్గమని నేననను. అంట్లు తోమిందీ అక్కడే, ఏడ్చిందీ అక్కడే. కానీ మధ్యాహ్నం పని తెమిలాక చింతపిక్కలో గవ్వలో తీసుకుని కూర్చుంటే, "ఇక్కడ నీకేం పని" అనేవాడు లేడు. ఇక్కడికొచ్చాక పెరట్లో గ్రిల్లు మగవాళ్ళది, ఆటలు మగవాళ్ళవీ పిల్లలవీ. మనం మాత్రం ఇంకో అడుగు లోపలికి జరిగి వంటింట్లోకి చేరాం. అరుగు ఎలాగూ లేదు, ఉన్న పెరడు కూడా వదులుకున్నాం. ఎవరూ లాక్కోలేదు, మనమే బజ్జీల మూకుడు పట్టుకుని ఇచ్చేశాం.

అందుకే అంటాను, చవకైన ఆట ఏదీ అని అడిగేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. ఎన్ని చేతులు ఆ ఆటని ముట్టుకుంటాయో చూడండి. 40 మందిలో 19 మందే ఆడే ఆట 170 డాలర్లకి వచ్చినా దండగే, 17కి వచ్చినా దండగే. ఆట కొనేముందు నేనిప్పుడు మూడే చూస్తాను. చీర కట్టుకుని ఆడొచ్చా? కుర్చీలోంచి లేవలేని మనిషి ఆడొచ్చా? మధ్యలో వచ్చి మధ్యలో వెళ్ళిపోవచ్చా? ఈ మూడోది మరీ ముఖ్యం. అన్నం ఉడికిందో లేదో చూసి రావాల్సిన మనిషికి గంటసేపు కదలనివ్వని ఆట పనికిరాదు.

ఈ మూడూ పెట్టి చూస్తే సగం సామాను రాలిపోతుంది. వాలీబాల్ మంచి ఆటే, కానీ దూకగలిగినవాళ్ళది. బ్యాడ్మింటన్ కాస్త గాలి వీస్తే చాలు, కాక్ పక్కింటి పెరట్లో ఉంటుంది. క్రోకే అని వంగిన తీగల్ని గడ్డిలో గుచ్చి, వాటి మధ్యనుంచి సుత్తితో బంతి కొట్టే ఆట ఒకటుంది. నేల చదునుగా లేకపోతే బంతి పోదు, సాయంత్రం మసక చీకట్లో ఆ తీగలు కాళ్ళకి తగులుతాయి. పెద్ద జెంగా కూలినప్పుడు చిన్నపిల్లల పాదాలు జాగ్రత్త. వానలో వదిలేస్తే చెక్కలు ఉబ్బుతాయి, ఆ తర్వాత ఒకటీ జరగదు. మాది ఇప్పుడు గరాజ్‌లో పూలకుండీల కింద పీటలుగా ఉంది.

మరి మిగిలేవి? నేను ఆడి చూసినవి రెండు చెప్తాను.

మొదటిది బోచీ. ఇటలీ ఆట. రెండు జట్లు, జట్టుకి నాలుగు పెద్ద బంతులు, అందరికీ కలిపి ఒక చిన్న బంతి. ముందు చిన్న బంతిని విసురుతారు, తర్వాత మన పెద్ద బంతుల్ని దాని దగ్గరికి దొర్లించాలి. ఎవరిది దగ్గరగా ఉంటే వాళ్ళకి పాయింటు. ఐదేళ్ళ పిల్లకీ అర్థమవుతుంది. దీని చుట్టం బోచియా అని ఒకటుంది, చక్రాల కుర్చీలో కూర్చుని ఆడతారు. అది 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మకి ఇంతకన్నా మంచి ఆట ఎక్కడ దొరుకుతుంది? కొత్తది కొనక్కర్లేదు. వేసవిలో వీధి వీధికీ గరాజ్ సేల్స్ ఉంటాయి. నాకు ఎనిమిది డాలర్లకి దొరికింది. కొన్ని ఊళ్ళలో పబ్లిక్ లైబ్రరీలు పుస్తకాలతో పాటు ఇలాంటి ఆట సామాన్లూ అరువిస్తాయి. ముందు మీ లైబ్రరీలో అడగండి.

గరాజ్ సేల్ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. ఇనప మొనలున్న పెద్ద బాణాల్లాంటివి, గడ్డి మీద రింగులో పడేలా విసిరేవి కనబడితే ముట్టుకోకండి. పిల్లలు చనిపోయారని 1988లో ఈ దేశంలో వాటి అమ్మకాన్నే నిషేధించారు. పాత అటకల మీదనుంచి ఇప్పటికీ దిగుతుంటాయి. రెండు డాలర్లని మోసపోకండి.

రెండోది కార్న్‌హోల్. మా ఒహాయో వాళ్ళకి ఇదంటే ప్రాణం. ఏటవాలు బల్ల మీద ఆరంగుళాల కంత, అందులోకి గింజల సంచి విసరాలి. కంతలో పడితే మూడు, బల్ల మీద ఆగితే ఒకటి, 21 వస్తే గెలుపు. దుకాణంలో మంచి సెట్టు వంద డాలర్ల పైమాటే. ఎందుకండీ? సంచులు ఎనిమిది కావాలి, అంతేగా. పిల్లల పాత జీన్సులు తీసి ఏడంగుళాల చదరాలు కత్తిరించండి. రెండేసి కలిపి, చుట్టూ అరంగుళం వదిలి కుట్టండి. ఆరంగుళాల సంచి తయారు. ఒక్కోదాంట్లో పౌనుకి కొంచెం తక్కువగా ఎండు మొక్కజొన్నలు పోసి మూతి బిగించండి. కుట్టు రెండుసార్లు వెయ్యాలి, లేకపోతే మూడో విసురుకే గింజలు గడ్డి పాలు. తడవనివ్వకండి, మొలకలొస్తాయి. బల్ల లేకపోతే బట్టలుతికే బుట్ట పెట్టండి. పోటీల్లో దూరం 27 అడుగులు. మన పెరట్లో 15 చాలు.

"అన్నీ వాళ్ళ ఆటలేనా, మన ఆటలకేమైంది?" అని మీలో కొందరు అప్పుడే లేచారని నాకు తెలుసు. కర్రాబిళ్ళ గురించి కన్నీళ్ళు పెట్టుకునే అన్నయ్యగార్లు మా గుంపులోనూ ఉన్నారు. చుట్టూ గాజు కిటికీలు, మధ్యలో పాకే పిల్లలు, ఆ బిళ్ళ ఎవరి కంట్లో పడాలి? మనదైనంత మాత్రాన ప్రతి ఆటా ప్రతి చోటా పనికిరాదు. ఏడు పెంకులాట పెట్టండి, చదునైన రాళ్ళు ఏడు, టెన్నిస్ బంతి ఒకటి, పైసా ఖర్చు లేదు. తొక్కుడుబిళ్ళకి డ్రైవ్‌వే మీద సుద్దముక్క చాలు. వామనగుంటలకి పలక కూడా కొననక్కర్లేదు. డజను గుడ్లొచ్చే అట్టపెట్టెకి రెండు కాగితం కప్పులు జత చేస్తే 14 గుంటలు, చింతపిక్కలు ఎలాగూ ఇంట్లో ఉంటాయి. కానీ ఒక్క మాట. వామనగుంటలు పెట్టి, "అమ్మమ్మలందరూ అటు కూర్చోండి" అని మాత్రం అనకండి. అది ఆడించడం కాదు, మూలకి పంపడం.

ఇక అసలు సంగతి వంట. ఎంత మంచి ఆట తెచ్చినా మనం స్టవ్ దగ్గరుంటే ఏం లాభం? పార్టీలో వేడి వేడిగా వేసిపెట్టే పద్ధతి మానండి. దోసెలు వద్దు, బజ్జీలు వద్దు. పులిహోర, దద్దోజనం, వడియాలు, ముందురోజే చేసిపెట్టుకునే కూరలు చాలు. అతిథులు రాకముందే స్టవ్ ఆర్పేయాలి. "అందరూ ఏమనుకుంటారు?" అని మా ఆయన అన్నారు. నిజమే, అనుకున్నారు. సెప్టెంబరులో మా ఇంట్లో రెండోసారి పార్టీ పెట్టినప్పుడు ఒకాయన అడిగేశారు కూడా, "ఏంటమ్మా, ఈసారి వేడిగా ఏం లేవా?" అని. "పిండి ఫ్రిజ్‌లో ఉంది, స్టవ్ గరాజ్‌లో ఉంది అన్నయ్యగారూ" అన్నాను. ఆయన నవ్వారు. వేయలేదనుకోండి. తినకుండా మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

"మాకే ఓపిక లేదు, మాకే ఇష్టం లేదు, కబుర్లు చెప్పుకోవడమే మా ఆట" అనే అక్కలున్నారు. కబుర్లు నాకూ ఇష్టమే. కానీ నిజం చెప్పండి, ఇష్టం లేదా, ఆడి ఎన్నేళ్ళయిందో గుర్తులేదా? నేను పెళ్ళికి ముందు కాలేజీలో ఖోఖో జట్టులో ఉండేదాన్ని. ఇరవై ఏళ్ళుగా ఆ సంగతి మా పిల్లలకే తెలీదు. విసరడానికి చెయ్యెత్తితే ఎవరో చూస్తున్నారని సిగ్గు, తప్పితే నవ్వుతారని భయం. నవ్వనివ్వండి. వాళ్ళ బంతి కంచె దాటినప్పుడు మనం నవ్వలేదా?

సెప్టెంబరు పార్టీకి సంచులు కుట్టింది మా అమ్మే. బోచీ, మొక్కజొన్నలు కలిపి నాకైన ఖర్చు 20 డాలర్ల లోపు. ఆ సాయంత్రం అమ్మ కుర్చీని కంచె పక్కనుంచి తీసి గడ్డి మధ్యలో వేశాను. "నాకెందుకే, చూస్తాలే" అంది. మా చిన్నది ఆవిడ చేతిలో బంతి పెట్టి వదల్లేదు. మొదటిది చిన్న బంతిని దాటి కరివేపాకు కుండీలో పడింది. రెండోది సగంలో ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు, బాగా వేసినందుకు కాదు, ముసలావిడ వేసినందుకు. అమ్మకి అది నచ్చలేదు. "చప్పట్లు తర్వాత, ముందు ఇంకో బంతి ఇలా ఇవ్వండి" అంది. ఆ రాత్రి ఆవిడ జట్టు ఓడిపోయింది. ఎవరు గెలిచారని మర్నాడు నన్ను అడగలేదు, ఎలా ఓడారో తనే చెప్పుకొచ్చింది, రెండు కాఫీలంత సేపు. అక్టోబరులో వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మోకాళ్ళతో అంత ప్రయాణం చేస్తుందో లేదో. ఐదింటి నుంచి తొమ్మిదింటి దాకా కంచె పక్కన నేను కూర్చోబెట్టిన ఆ జూలై సాయంత్రాన్ని ఏ ఆఫరూ నాకు తిరిగివ్వదు.

కాబట్టి గ్రూపులో అడిగిన ఆ వదినగారికి నా జవాబు ఇదీ. ఏమీ కొనకండి. బోచీ సెట్టు, ఎనిమిది సంచులు నేను తెస్తాను. మీ అత్తగారి కుర్చీ గడ్డి మధ్యలో వేయించండి. నాతో పులిహోర కూడా తెస్తాను.

బజ్జీలు మాత్రం వేయను.