పక్షి మారింది, ఉప్పు మారలేదు

ఒక పదార్థానికి బదులు మరొక పదార్థాన్ని వాడడం సాంకేతిక రంగంలో ఉన్నవారికి కొత్త విషయం కాదు. రాగి తీగకు బదులు అల్యూమినియం తీగ వేయవచ్చు. అయితే అల్యూమినియం విద్యుద్వాహకత్వం రాగిలో దాదాపు 60 శాతమే కనుక తీగ మందం పెంచాలి, అతుకుల దగ్గర అదనపు జాగ్రత్త తీసుకోవాలి. అంటే, మార్చిన దానివల్ల ఏమి మారింది, ఏమి మారలేదు అన్న రెండు ప్రశ్నలూ వేసుకున్న తరువాతనే మార్పును ఆమోదిస్తాము. ఈ రెండు ప్రశ్నలను ఈ నెల ఒక ఆహార పదార్థానికి వర్తింపజేసి చూద్దామని మా సంకల్పం. అది పందిమాంసపు బేకన్‌కు ప్రత్యామ్నాయంగా అమెరికాలో ప్రచారంలోకి వచ్చిన టర్కీ బేకన్.

మన ఇళ్ళకు దీనితో ఏమి సంబంధమని కొందరు పాఠకులు అడగవచ్చు. మన టౌన్‌షిప్‌లలో పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు అనేకం ఉన్నాయి. వారిని చూడబోయిన తల్లిదండ్రులకు అక్కడి ఫ్రిజ్‌లో ఈ పాకెట్టు కనిపిస్తుంది. "ఇది పందిమాంసం కాదు నాన్నా, టర్కీ కోడిది, గుండెకు మంచిదే" అనే సమాధానం వినిపిస్తుంది. ఆ సమాధానంలో మొదటి సగం నిజం. రెండవ సగాన్ని పరీక్షించవలసి ఉన్నది. రక్తపోటుకు మందులు వాడుతున్న పెద్దలకు ఈ పరీక్ష మరింత అవసరం.

ముందుగా బేకన్ అంటే ఏమిటో తెలుసుకుందాం. అమెరికాలో దీనిని పంది పొట్టభాగపు మాంసంతో తయారు చేస్తారు. కొవ్వు, కండ పొరలు పొరలుగా ఉండే ఆ మాంసాన్ని ఉప్పు, చక్కెర, సోడియం నైట్రైట్ కలిపిన మిశ్రమంలో ఊరబెట్టి, పొగబెట్టి, పలుచని ముక్కలుగా కోస్తారు. బ్రిటన్‌లో ఎక్కువగా వాడేది వీపుభాగపు మాంసం. శీతల యంత్రాలు లేని కాలంలో మాంసాన్ని నెలల తరబడి నిలవ చేయడానికి పుట్టిన పద్ధతి ఇది. మన ఎండుచేపల వెనుక ఉన్న సూత్రమే దీని వెనుకా ఉన్నది. ఉప్పు నీటిని లాగివేస్తుంది, నీరు తగ్గిన చోట సూక్ష్మజీవులు పెరగలేవు.

అమెరికా ఉదయపు పళ్ళెంలో బేకన్ అంతగా స్థిరపడడంలో ప్రచారం పాత్ర కూడ ఉన్నది. 1920లలో బీచ్‌నట్ అనే కంపెనీ తన బేకన్ అమ్మకాలు పెంచుకోవడానికి ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుని నియమించుకున్నది. ఉదయం కడుపునిండా తినడం మేలన్న అభిప్రాయాన్ని ఆయన వేలాది వైద్యులనుండి సేకరించి పత్రికలలో వచ్చేటట్లు చేశారు. దానితో గుడ్లు, బేకన్ కలిసిన అల్పాహారానికి వైద్యుల ఆమోదం ఉన్నదన్న భావన ఏర్పడింది. ఒక అలవాటు ఈ విధంగా స్థిరపడిన తరువాత దానిని పూర్తిగా మానిపించడం కంటె, అదే రూపంలో మరొకటి అందించడం వ్యాపారులకు సులభం.

ఆ మరొకటిగా ముందుకు వచ్చినది టర్కీ కోడి. దీని జన్మస్థలం ఉత్తర అమెరికా ఖండం. 16వ శతాబ్దిలో స్పెయిన్ దేశస్థుల ద్వారా ఐరోపా చేరింది. మన దేశానికీ ఇది మరీ కొత్త పక్షి కాదు. 1612లో గోవానుండి వచ్చిన టర్కీ కోడిని చూసి ముచ్చటపడిన జహంగీరు చక్రవర్తి, ఆస్థాన చిత్రకారుడైన మన్సూర్ చేత దాని బొమ్మ గీయించారు. అమెరికాలో మాత్రం చాలాకాలం టర్కీ మాంసం నవంబరులో వచ్చే కృతజ్ఞతా దినానికీ, క్రిస్మస్‌కూ పరిమితమైన పండుగ వంటకంగానే ఉండేది. ఏడాది పొడవునా దానిని అమ్మే మార్గాలను ఉత్పత్తిదారులు వెదికారు. 1977లో అమెరికా సెనేటు సంఘం సంతృప్త కొవ్వును తగ్గించవలసిందిగా ప్రజలకు సూచించిన తరువాత కొవ్వు తక్కువగల మాంసాలకు గిరాకీ పెరిగింది. పందిమాంసం నిషిద్ధమైన ముస్లిములు, యూదులు కూడ ఇటువంటి వస్తువుకు సహజంగానే కొనుగోలుదారులు. ఈ కారణాలన్నీ కలిసి టర్కీ బేకన్‌కు దారి వేశాయి.

దీని తయారీ ఆసక్తికరమైనది. టర్కీలో పంది పొట్టవంటి పొరల మాంసం లేదు. అందుచేత తొడలోని ముదురురంగు మాంసాన్నీ, రొమ్ములోని లేతరంగు మాంసాన్నీ విడివిడిగా తరిగి, ఉప్పు, చక్కెర, నైట్రైట్, సుగంధద్రవ్యాలు కలిపి, రెండు రంగులూ చారలుగా కనిపించేటట్లు ఒక దిమ్మెగా పేరుస్తారు. ఆ దిమ్మెను పొగబెట్టి, చల్లార్చి, ముక్కలుగా కోస్తారు. పంది బేకన్‌లో చార ప్రకృతి ఇచ్చినది, టర్కీ బేకన్‌లో చార అచ్చులో తయారైనది. పెనంమీద వేసినప్పుడు ఈ తేడా తెలుస్తుంది. పంది బేకన్ తన కొవ్వులోనే వేగి, ముడుచుకొని, కరకరలాడుతుంది. టర్కీ బేకన్ బల్లపరుపుగానే ఉంటుంది, తరచు పెనానికి కొంచెం నూనె రాయవలసి వస్తుంది.

ఇక మొదటి ప్రశ్న: ఏమి మారింది? కొవ్వు తగ్గింది, ముఖ్యంగా సంతృప్త కొవ్వు తగ్గింది. దానితోపాటు కేలరీలు కూడ తగ్గాయి. ఇది కాదనలేని లాభం. పందిమాంసం తినని వ్యక్తి, తినే మిత్రుని పక్కన కూర్చొని అదే తీరు అల్పాహారం తీసుకోగలగడం మరొక లాభం. కలిసి భోజనం చేయడంలోని విలువ అంకెలకు అందదు. అయితే ముస్లిం సోదరులు గమనింపదగిన విషయం ఒకటున్నది. టర్కీ అన్నంత మాత్రాన అది హలాల్ కాదు, పక్షిని వధించిన పద్ధతి కూడ ముఖ్యమే. అందుకు తగిన ధ్రువీకరణ పాకెట్టుమీద ఉన్నదో లేదో చూసుకోవాలి.

రెండవ ప్రశ్న: ఏమి మారలేదు? ఊరబెట్టే ప్రక్రియ మారలేదు. బరువుకు బరువు పోల్చినప్పుడు టర్కీ బేకన్‌లో సోడియం పంది బేకన్‌కు దరిదాపుల్లోనే ఉంటుంది, కొన్ని రకాలలో ఎక్కువగా కూడ ఉంటుంది. కొవ్వు ఇచ్చే రుచి తగ్గినప్పుడు ఆ లోటును ఉప్పు, పొగవాసన పూరించవలసి వస్తుంది కదా! ఇది మన గృహిణులకు విప్పి చెప్పనవసరం లేని సంగతి. మామిడికి బదులు ఉసిరికాయ వేసినంత మాత్రాన పచ్చడిలో ఉప్పు తగ్గదు. నిలవ ఉంచేది కాయ కాదు, ఉప్పు.

నైట్రైట్ విషయమూ ఇంతే. మాంసానికి గులాబిరంగు నిలిపేదీ, బొట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని పెరగనీయనిదీ ఇదే. కనుక దీనికి ఉపయోగం లేకపోలేదు. కాని నైట్రైట్ కలిసిన మాంసాన్ని అధిక ఉష్ణంలో వేయించినప్పుడు నైట్రోసమైన్లు అనే హానికర రసాయనాలు ఏర్పడే అవకాశం ఉన్నది. కొన్ని పాకెట్లమీద "నైట్రైట్ కలపలేదు" అని ఉంటుంది. అటువంటి వాటిలో చాలావరకు సెలెరీ అనే ఆకుకూర పొడిని వాడతారు. ఆ పొడి ద్వారా మాంసంలో చేరేది కూడ నైట్రైటే. మూలం మారింది, రసాయనం మారలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015 అక్టోబరులో ఈ విషయమై ఒక నిర్ణయం ప్రకటించింది. ఉప్పువేసి ఊరబెట్టడం, పొగబెట్టడం వంటి పద్ధతులలో నిలవ చేసిన మాంసాన్ని మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఆ నిర్వచనం పంది, గొడ్డు మాంసాలతో ఆగలేదు, నిలవ చేసిన పక్షిమాంసం కూడ అందులోకి వస్తుంది. తాజా కోడిమాంసం, చేపలు ఆ పరిశీలనలో లేవు. రోజూ 50 గ్రాముల నిలవ మాంసం తినేవారికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చే ప్రమాదం, తిననివారితో పోలిస్తే సుమారు 18 శాతం ఎక్కువని ఆ సంస్థ అంచనా. పొగాకు కూడ ఇదే వర్గంలో ఉన్నదని బెంబేలెత్తనవసరం లేదు. సాక్ష్యం ఎంత బలమైనదో చెప్పే వర్గీకరణ ఇది, హాని ఎంత పెద్దదో చెప్పేది కాదు.

మన దేశంలోనూ బేకన్ పరిశ్రమ ఉన్నదని, అదీ ప్రభుత్వ రంగంలోనే రూపుదిద్దుకున్నదని పాఠకులకు గుర్తుచేయడం అప్రస్తుతం కాదనుకుంటాము. స్వాతంత్ర్యానంతరం కృష్ణా జిల్లా గన్నవరంలోనూ, పశ్చిమ బెంగాల్‌లోని హరింఘాటాలోనూ ప్రభుత్వ బేకన్ కర్మాగారాలు వెలిశాయి. కనుక ఇక్కడి కొనుగోలుదారులకు కూడ పాకెట్టు చదవడం తెలిసి ఉండాలి. మాంసాహారాన్ని సూచించే గోధుమరంగు త్రికోణం అది ఏ జంతువు మాంసమో చెప్పదు. అది తెలియాలంటే పదార్థాల పట్టిక చదవవలసిందే. అందులో 250 అనే సంఖ్య కనబడితే అది సోడియం నైట్రైట్, 251 అయితే సోడియం నైట్రేట్.

చివరగా ఒక చిన్న లెక్క. పెద్దవారు రోజుకు 5 గ్రాములకు లోపు ఉప్పు, అంటే 2,000 మిల్లీగ్రాములకు లోపు సోడియం తీసుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పాకెట్టుమీది సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. రెండు ముక్కలకు 400 మిల్లీగ్రాముల సోడియం అని రాసి ఉన్నదనుకుందాం. అది 1 గ్రాము ఉప్పు. నాలుగు ముక్కలు తింటే 2 గ్రాములు, అంటే రోజు మొత్తానికి అనుమతించిన దానిలో ఐదింట రెండు వంతులు ఉదయమే పూర్తయినట్లు. మధ్యాహ్నపు ఆవకాయ, అప్పడం, సాంబారు ఇంకా మిగిలే ఉన్నాయి. మరొక సంగతి, పాకెట్టు చెప్పే లెక్క ఎన్ని ముక్కలకో, ఎన్ని గ్రాములకో చూసుకున్న తరువాతనే ఒకదానితో మరొకటి పోల్చాలి.

విదేశంలో ఎప్పుడో ఒకనాడు రెండు ముక్కలు రుచి చూస్తే వచ్చే ప్రమాదమేమీ లేదు. అనుదినం తినేవారు మాత్రం గుడ్డుతోనో, తాజాగా వండిన కోడిమాంసంతోనో, ఇడ్లీతోనో దానిని తరచు మార్చుకోవడం మేలు. పంది వద్దనుకున్నవారికి టర్కీ బేకన్ నిజమైన ప్రత్యామ్నాయమే. ఉప్పు తగ్గించమని వైద్యుడు చెప్పినవారికి మాత్రం అది ప్రత్యామ్నాయం కాదు. ఈ రెండు అవసరాలు వేరని గుర్తించి, ఎవరి అవసరమేదో వారు నిర్ణయించుకొని పాకెట్టు చేతిలోకి తీసుకోవలసిందిగా పాఠక మిత్రులకు మా మనవి.