టాపు మొరాయిస్తే...

స్విచ్ నొక్కితే సీట్ల వెనక మూత లేస్తుంది. గుడ్డ టాపు ముడుచుకుంటూ వెళ్లి అందులో పడుకుంటుంది. మూత మళ్లీ మూసుకుంటుంది. మొత్తం 12 సెకన్ల పని! పోర్షే బాక్స్‌టర్ కొత్తగా ఉన్నప్పుడు చేసే విన్యాసమిది. అదే కారుకు ఇరవై ఏళ్లు దాటాయనుకోండి... స్విచ్ నొక్కగానే వెనక నుంచి ఓ చప్పుడు. మూత ఒకవైపు లేస్తుంది, రెండోవైపు లేవదు. టాపు సగంలో వంకరగా నిలబడిపోతుంది. సరిగ్గా అప్పుడే చినుకులు మొదలైతే ఇక యజమాని అవస్థ చెప్పనక్కర్లేదు.

1996 నుంచి 2004 వరకూ తయారైన మొదటి తరం బాక్స్‌టర్ రెండు సీట్ల బండి. ఇంజిన్ సీట్ల వెనకే ఉంటుంది. మన రోడ్ల మీద ఇవి అరుదే కానీ అమెరికా, యూరప్‌లలో పాత స్పోర్ట్స్ కారు కావాలనుకునే మధ్యతరగతి వాళ్ల చూపు ముందు వీటి మీదే పడుతుంది. కొత్త కారుతో పోలిస్తే ధర బాగా తక్కువ మరి. చిక్కల్లా మరమ్మతుల దగ్గరే వస్తుంది. కారు ధర తగ్గినంతగా విడిభాగాల ధర, మెకానిక్ కూలీ తగ్గవు. 'మొత్తం టాపు మార్చాల్సిందే' అన్న మాట విని బేరానికి పెట్టేసేవాళ్లూ ఉన్నారు. తీరా చూస్తే చాలాసార్లు అసలు దోషి వేలెడంత కూడా లేని ఓ ప్లాస్టిక్ ముక్క!

మిక్సీ ఉన్న ఇంట్లో ఈ సంగతి సులువుగానే అర్థమవుతుంది. జారు గట్టిగా బిగుసుకుపోతే ముందు అరిగేదీ విరిగేదీ కింద ఉండే నల్లటి కప్లరే. అది పోతే మోటారు బతుకుతుంది. కప్లర్ మార్చుకుంటే పచ్చడి మళ్లీ తయారు. బాక్స్‌టర్ టాపులోనూ దాదాపు ఇదే కథ.

సీట్ల వెనక మధ్యలో ఒక్కటే మోటారు ఉంటుంది. దాన్నుంచి కుడికొకటి, ఎడమకొకటి కేబుళ్లు వెళతాయి. పాత స్కూటర్లో స్పీడోమీటరు కేబుల్ గుర్తుందా? పైన తొడుగు కదలదు, లోపలి తీగ గిరగిరా తిరుగుతుంది. ఇవీ అలాంటివే, కాకపోతే బలమైనవి. ఇవి రెండు వైపులా ఉన్న చిన్న గేరుపెట్టెల్ని తిప్పుతాయి. గేరుపెట్టెలకు అమర్చిన కడ్డీలు మూతను లేపుతాయి, టాపును లాగుతాయి. ఆ కడ్డీలో కీలు దగ్గర ఇనుప గుండు మీద గిన్నె బోర్లించినట్టు ఓ ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండకూ చలికీ పెళుసెక్కి, ఓ రోజు పటుక్కున విరుగుతుంది. ఆ వైపు కడ్డీ ఊడిపోతుంది, ఎదుటి వైపు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. టాపు వంకర తిరిగేది అందుకే.

అసలు నష్టం జరిగేది ఆ తర్వాత! 'ఇంకోసారి నొక్కి చూద్దాం' అనుకుంటారు. మోటారు బలంగా లాగుతుంది. ఒకవైపే లాగేసరికి ఇనుప చట్రం వంగుతుంది, గుడ్డ చిరుగుతుంది. చిన్న ముక్కతో పోయేది పెద్ద ఖర్చుకు దారితీస్తుంది. అందుకే టాపు ఏమాత్రం వంకరగా కదిలినా వెంటనే స్విచ్ మీద నుంచి వేలు తీసేయాలన్నది అనుభవజ్ఞుల మొదటి సూత్రం.

మరి టాపు అసలు కదలకపోతే? డబ్బు ఖర్చు కాని చోటు నుంచే వెతకడం మొదలెట్టాలి. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంటేనే ఈ టాపు కదులుతుంది. బ్రేకు వేశామని లోపలి చిన్న స్విచ్ చెప్పకపోతే కారు దృష్టిలో వేయనట్టే! డ్యాష్‌బోర్డులో బ్రేకు దీపం వెలగలేదంటే అనుమానం అక్కడే. ముందు అద్దం పైన టాపును పట్టి ఉంచే గొళ్లాన్ని చేత్తోనే తీయాలి. అక్కడా ఓ మైక్రోస్విచ్ ఉంది. గొళ్లెం తీయగానే పక్క అద్దాలు కాస్త కిందికి దిగితే అది పనిచేస్తున్నట్టే. దిగకపోతే ముందు దాన్నే పరీక్షించాలి. ఆ తర్వాత బ్యాటరీ, ఫ్యూజు, రిలే.

ఇక చెవికి పని చెప్పాలి. స్విచ్ నొక్కితే నిశ్శబ్దంగా ఉందంటే కరెంటు సమస్య. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తున్నా టాపు కదలట్లేదంటే కేబుళ్ల సంగతి చూడాలి. వయసు మీద పడ్డాక కేబుల్ పైతొడుగు కుంచించుకుపోయి, కొస మోటారు నుంచి జారుతుంది. దాన్ని సరిగా కూర్చి బిగిస్తే కొన్నిసార్లు పని అయిపోతుంది. కానీ ఒకవైపు గేరు ఎక్కువ తిరిగి, మరోవైపుది ఆగిపోయి ఉంటే రెంటినీ ఒకే స్థితికి తెచ్చాకే కేబుళ్లు తగిలించాలి. లేదంటే మళ్లీ వంకరే.

ఈ కడ్డీల మధ్య వేలు పడితే నలిగిపోతుంది. కాబట్టి చెయ్యి పెట్టేముందు ఫ్యూజు తీసేయడం తప్పనిసరి. సగంలో ఆగిన టాపును కడ్డీలు విడదీసి చేత్తో మూయొచ్చు. అయితే ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు చెరోవైపు పట్టి సమానంగా ఎత్తాలి.

గుడ్డ చిరుగుల వెనకా ఇలాంటి చిన్న కారణమే ఉంటుంది. టాపు ముడుచుకునేటప్పుడు గుడ్డను లోపలికి లాగి ఉంచే సాగే పట్టీలు కొన్ని ఉంటాయి. అవి వదులైతే గుడ్డ ఇనుప చేతుల మధ్య ఇరుక్కుంటుంది. రోజూ అదే చోట నలిగి చివరికి చిల్లు పడుతుంది. పట్టీలు మార్చకుండా కొత్త గుడ్డ వేయిస్తే అదీ అక్కడే చిరుగుతుంది.

వెనక కిటికీది మరో ముచ్చట. 2003 మోడల్ నుంచే దానికి గాజు వచ్చింది. అంతకుముందు కార్లలో ఉన్నది ప్లాస్టిక్ రేకు. టాపుతో పాటే అదీ మడతపడాలి. తేడాగా మడత పడితే గీత, గీత కాస్తా పగులు. అందుకే అలవాటైన వాళ్లు టాపును సగంలో ఆపి, దిగి వెళ్లి, అరచేతి అంచుతో రేకు మధ్యలో మెల్లగా తట్టి మడత సరిచేస్తారు. ఈ తట్టుడుకు యజమానులు పెట్టుకున్న పేరు 'బాక్స్‌టర్ చాప్'! చలికి ప్లాస్టిక్ బిరుసెక్కుతుంది కాబట్టి శీతాకాలంలో టాపు జోలికి పోకపోవడమే మేలు.

ఇంతా చేసి మర్చిపోయేది ఒకటుంది... నీళ్లు. టాపు మీద పడ్డ వాన వెనక మూలల్లోని కన్నాల గుండా కిందికి పోవాలి. కారును చెట్టు కింద పెడితే వాటిలో ఆకులూ మట్టీ చేరతాయి. దారి మూసుకుపోయిన నీళ్లు కారులోకి దిగుతాయి. తాళం గుర్తుపట్టి కారును స్టార్ట్ కానిచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె ఉండేది సీటు కింద, కార్పెట్ మీద! అది తడిస్తే టాపు భేషుగ్గా ఉన్నా కారు కదలదు. ఆ పెట్టె మార్పించడం ఖరీదైన వ్యవహారం. కన్నాల్లో ఆకులు తీయడానికి పట్టేది పది నిమిషాలే. ఆకురాలు కాలంలో ఓసారి, వానలకు ముందు మరోసారి ఆ పని చేసుకుంటే చాలు.