భువనగిరి చాలదా?

కొండలెక్కడం నేర్చుకోవాలని ముచ్చటపడే యువకులు నన్ను మొదట అడిగేది బూట్లను గురించి, పిమ్మట కారును గురించి. హిమాలయాలకు వెళ్ళినవాడే ఆరోహకుడనీ, సొంత వాహనం లేనివాడు ఇంట కూర్చోవలసిందేననీ ఒక అభిప్రాయం మనలో పాతుకుపోయింది. ఇది వట్టి భ్రమ అని నా వాదం.

సికింద్రాబాదులో కాజీపేట వైపు పోయే రైలెక్కి భువనగిరిలో దిగండి. దూరం సుమారు 50 కిలోమీటర్లు. ఊరిని ఆనుకొని, 500 అడుగులకు పైబడిన ఎత్తున ఒకే శిల నిలిచి ఉంటుంది. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని (1076-1126) బిరుదు మీదనే ఆ గిరికి ఈ పేరు వచ్చిందంటారు. కింద మెట్లు, పైన నున్నని బండ, పట్టుకొనడానికి ఇనుప కమ్మీలు, శిఖరాన శిథిల సౌధం. తొలిసారి ఎక్కేవానికి ఇంతకంటె మంచి బడి ఏది?

“రైలును నమ్ముకుంటే దాని వేళలకు కట్టుబడాలి కదా” అని ఆక్షేపిస్తారు. అయ్యా, ఆ కట్టుబాటే కావలసింది! కొత్తవానికి అపాయం ఎత్తు వల్ల కంటె వేళ తప్పడం వల్లనే ఎక్కువ. ఒక మార్చి నెలలో పిల్లలను అద్దె వ్యానులో అక్కడికి తీసుకొని వెళ్ళాను. బండి మన చేతిలోనిదే కదా అన్న ధీమాతో దారిలో ఆగి ఆగి, మిట్టమధ్యాహ్నం ఎక్కించాను. బండ పెనంలా కాలింది. సగంలో ఒక బాలుడు సొమ్మసిల్లాడు. నీళ్ళ సీసాలు వ్యానులోనే ఉండిపోయాయి. తప్పు కొండది కాదు, పిల్లవానిది కాదు, నాది.

కనుక తిరుగు రైలు వేళను మొదట చూడండి. అక్కడినుండి వెనుకకు లెక్క కట్టండి: స్టేషనుకు నడక, దిగడం, పైన విశ్రాంతి, ఎక్కడం. కోట ద్వారం తెరిచే వేళను ముందే విచారించుకొని, తెరవగానే బయలుదేరండి. కార్తీకం నుండి మాఘం వరకు అనుకూలం. వాన పడిననాడు బండ జారుతుంది, వెళ్ళవద్దు. మనిషికి రెండు లీటర్ల నీరు, టోపీ, జారని చెప్పులు, పులిహోర పొట్లం చాలు. ఎక్కడం కంటె దిగడంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. అనుకున్న వేళ దాటితే శిఖరం నాలుగడుగుల్లో ఉన్నా వెనుదిరగండి. అందులో పరాభవమేమీ లేదు.

వేల రూపాయల బూట్లు కాలికి పట్టునిస్తాయేమో గాని వేళను గుర్తుచేయవు. ఆ పని రైలు చేస్తుంది. జనరల్ టిక్కెట్టు కొనగలిగిన ఏ పిల్లవానికీ కొండ దూరం కాదు. దూరం చేస్తున్నది మన ఆడంబరమే.